వారోత్సవముల మరునాడు



నవంబరు నెల 14వ తేదీ మొదలు 20వ తేదీ వరకు ఏటేట దేశమంతటను జాతీయ గ్రంథాలయ వారోత్సవములు జరుగును. మన జిల్లా కేంద్ర గ్రంథాలయములును, పట్టణములలోని, పల్లెలలోని శాఖా గ్రంథాలయములును ఆ ఏడు దినములకు ముందుగనే ముస్తాబగును. బీరువాల దుమ్ము దులుపుదురు. ఆవరణమున పందిరి వేయుదురు. గుమ్మములకు మామిడాకుల తోరణములు కట్టుదురు.

మొదటి దినము బాలల దినోత్సవము గూడ కనుక పిల్లలకు ప్రాధాన్యము. ఆనాడే పుస్తక ప్రదర్శనము ప్రారంభమగును. తరువాతి దినములలో గ్రంథాలయోద్యమమును నడపిన పెద్దల సంస్మరణ సభ, కవిసమ్మేళనము, విద్యార్థులకు వ్యాసరచనలోను, వక్తృత్వములోను, చిత్రలేఖనములోను పోటీలు, స్త్రీలకు ముగ్గుల పోటీ జరుగును. చాలచోట్ల 19వ తేదీని మహిళా దినముగా పాటింతురు. 20వ తేదీ సాయంకాలము బహుమతి ప్రదానముతో వారోత్సవములు ముగియును. ఈ క్రమము ఊరూరికి కొంత మారవచ్చును. మీ గ్రంథాలయపు నోటీసుబోర్డు చూచినచో మీ ఊరి కార్యక్రమము తెలియును. అన్నింటికిని ప్రవేశము ఉచితమే. పిలుపు అందలేదని సంకోచింప నక్కరలేదు. అది మన గ్రంథాలయము, మన సభ.

ఇంతవరకు చెప్పినది ఆ ఏడు దినముల మాట. నేడు నేను ముఖ్యముగా మనవి చేయదలచినది ఎనిమిదవ దినమును గురించి. పందిరి విప్పిన పిమ్మట, అద్దె కుర్చీలు బండి యెక్కిన పిమ్మట, 21వ తేదీ ఉదయమున ఆ గ్రంథాలయపు గుమ్మము తొక్కువా రెందరు? వారిలో క్రొత్తవా రెందరు? ముందటి వారమున ముగ్గు వేసి బహుమతి పుచ్చుకొన్న గృహిణి మరల వచ్చినదా? వక్తృత్వమున మొదటివాడుగా నిలిచిన బాలుడు సభ్యుడుగా చేరినాడా? కార్యక్రమము బాగుగ జరిగినదో లేదో తేల్చునది ఆ దినమే.

ఈ ప్రశ్న నాకు తోచినది మాత్రమే కాదు. మన గ్రంథాలయోద్యమము పుట్టినప్పటినుండియు దానిలో నున్నదే. ఆ కథ కొంచెము జ్ఞప్తికి తెచ్చుకొందము.

1914వ సంవత్సరము ఏప్రిల్ 10వ తేదీన బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయముల ప్రతినిధులు తొలిసారిగా మహాసభ జరిపిరి. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు దాని కధ్యక్షులు. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఆనాడే పుట్టెను. ఆ మహాసభకు ప్రాణము పోసినవారు అయ్యంకి వెంకటరమణయ్యగారు. అప్పటికి వారు ఇరువదినాలుగేండ్లైనను నిండని యువకులు. ఐదేండ్ల తరువాత 1919వ సంవత్సరము నవంబరు 14వ తేదీన మద్రాసులో అఖిల భారత పౌర గ్రంథాలయ మహాసభ జరుగుటకును వారే ప్రధాన కారకులు. వారోత్సవములు నవంబరు 14వ తేదీన ప్రారంభమగుటలో నున్న విశేషమిది. ఆ తేదీ నెహ్రూగారి జన్మదినమని పిల్లలకు గూడ తెలియును. అది ఒక తెలుగువాని కృషి దేశమంతటికి అందిన దినమని పెద్దలలోనైనను కొందరే యెరుగుదురు.

ఆనాటి గ్రంథాలయములు ఎట్లుండెడివో ఊహింపుడు. ఒక సావడి, ఒక బీరువా, నూరో రెండు నూరులో పుస్తకములు. ఊరిలో చదువు వచ్చినవారు పదిమంది. అట్టిచోట పుస్తకములు తెచ్చి పెట్టి, తలుపు తెరచి కూర్చున్నంత మాత్రమున ఎవరును రారు. కనుక ఆ కార్యకర్తలు మొదట జనము వచ్చునట్టి పనులు చేపట్టిరి. హరికథలు పెట్టించిరి. పురాణ కాలక్షేపములు జరిపించిరి. పత్రికను బిగ్గరగా చదివి వినిపించిరి. చదువు రానివారికి రాత్రి పాఠశాలలు నడపిరి. గ్రంథాలయ సంఘమునకు అనేక వత్సరములు నాయకత్వము వహించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు వయోజన విద్యకు గూడ తమ జీవితమును ధారపోసిరి. గ్రంథాలయమును, వయోజన విద్యయు వారి దృష్టిలో రెండు పనులు కావు. చదువ నేర్చినవానికి పుస్తకము దొరకనిచో చదువు మరపున పడును. పుస్తకములున్నచోట చదువువాడు లేనిచో అవి చెదల పాలగును.

జనము గ్రంథాలయమునకు రాలేనప్పుడు గ్రంథాలయమే జనమువద్దకు పోయినది. గుంటూరు జిల్లాలో పాతూరి నాగభూషణముగారును, వారి సేవాశ్రమమువారును 1935వ సంవత్సరమున పడవ గ్రంథాలయమును నడపిరి. కొల్లూరు, పెదవడ్లపూడి గ్రామముల నడుమ కాలువపై సాగు పడవలలో పుస్తకముల నుంచిరి. మోటారు బండ్లు అరుదైన ఆ దినములలో ప్రయాణమనిన కాలువమీద గంటల తరబడి కూర్చుండుటయే. చేయుటకు పని లేని ఆ గంటలనే వారు చదువునకు అనువైన కాలముగా గుర్తించిరి. ఇది చిన్న ఉపాయమే. కాని మనుష్యునకు తీరిక ఎప్పుడు దొరకునో, ఎక్కడ దొరకునో కనిపెట్టి అక్కడ పుస్తకము నుంచుట అను సూత్రము దీనిలో నున్నది. నేటి కార్యక్రమములకును అదియే సూత్రము.

తెలంగాణమున కథ మరింత కఠినమైనది. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషానిలయము 1901వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన వెలసెను. కొమఱ్ఱాజు వెంకటలక్ష్మణరావుగారు, మునగాల రాజాగారైన నాయని వెంకటరంగారావుగారు, రావిచెట్టు రంగారావుగారు దానికి మూలపురుషులు. 1904వ సంవత్సరమున హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషానిలయము వెలసెను. పాలకుల భాష వేరు, ప్రజల భాష వేరు. సభ జరుపవలెననిన ముందుగా అనుమతి పొందవలెను. అట్టి కాలమున తెలుగు చదువుటకు, నలుగురు కలసి మాటలాడుకొనుటకు గ్రంథాలయమే నీడ. వట్టికోట ఆళ్వారుస్వామిగారు 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకములను తామే మోసికొనిపోయి ఊరూర పాఠకుల చేతికందించిరి. ఆనాడు గ్రంథాలయమునకు వచ్చుటయే ఒక సాహసము. వచ్చినవాడు మరల వచ్చెడివాడు, మరియొకని తోడు తెచ్చెడివాడు.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట చట్టములు వచ్చినవి. 1948లో మద్రాసు రాష్ట్రమునకును, 1955లో హైదరాబాదు రాష్ట్రమునకును, 1960లో ఆంధ్రప్రదేశమున కంతటికిని పౌర గ్రంథాలయ చట్టము లేర్పడినవి. జిల్లా జిల్లాకు గ్రంథాలయ సంస్థ ఏర్పడినది. మన మిచ్చు ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ పన్ను గూడ చేర్చి వసూలు చేయుదురు. ఈ సంగతి గృహస్థులలో చాలమంది యెరుగరు. పన్ను రసీదును ఈసారి ఒకమారు పరిశీలనగా చూడుడు. మీరు గ్రంథాలయము మెట్లెక్కినను, ఎక్కకపోయినను దానికి మీ భాగము చెల్లించుచునే యున్నారు. బావి త్రవ్వుటకు చందా ఇచ్చి నీరు తోడుకొననివానిని చూచి మనము నవ్వుదుము. మన సంగతి అంతకంటె మెరుగుగా నున్నదా?

ఇక నేటి పఠనమందిరమును చూతము. ఉదయము తలుపు తెరచుసరికి దినపత్రికలకొరకు పెద్దలు వేచియుందురు. వారిలో ఉద్యోగ విరమణ చేసినవారు పలువురు. పట్టణములలో మరియొక వర్గము కలదు. ప్రభుత్వోద్యోగముల పోటీ పరీక్షలకు చదువుకొను యువతీయువకులు. హైదరాబాదు చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయము వారికి పేరుపొందిన నెలవు. ఉదయము వచ్చి, తెచ్చుకొన్న అన్నము అక్కడనే తిని, దీపములు పెట్టిన పిమ్మటగాని వారు కదలరు. ఇంటిలో చోటు లేనివానికి ఆ బల్ల, ఆ విద్యుద్దీపము, ఆ నిశ్శబ్దము ఎంతటి భాగ్యమో చెప్పనలవి కాదు. గ్రంథాలయము ఏమి ఉపయోగమని అడుగువారికి ఆ బల్లలే సమాధానము.

కాని ఆ మందిరమున కానరానివారిని గూడ లెక్కింపవలెను. నడివయసు స్త్రీలు అరుదు. పదేండ్లలోపు పిల్లలు అరుదు. రోజుకూలికి పోవువారు, అంగళ్లలో పనిచేయువారు అరుదు. చదువు రానివారు అసలే లేరు. వారోత్సవములలో ఈ నాలుగు వర్గములవారును పందిరిలో కనబడుదురు. పందిరికిని పఠనమందిరమునకును నడుమ నున్నది పది అడుగుల దూరము. ఆ పది అడుగులు నడిపింపలేని ఉత్సవము ఎంత వైభవముగ జరిగినను వ్యర్థమే.

ఐనచో ఏమి చేయవలెను? పెద్ద వ్యయము అక్కరలేని పనులే కొన్ని మనవి చేసెదను.

ప్రతి కార్యక్రమమునకును ప్రక్కన ఒక బల్ల వేయుడు. దానిపై ఆ విషయమునకు సంబంధించిన పుస్తకము లుంచుడు. ముగ్గుల పోటీయా, బొమ్మలు గీయుట, కుట్లు, అల్లికలు, వంటలు, శిశుపోషణ తెలుపు పుస్తకములు ఆ బల్లపై నుండవలెను. కవిసమ్మేళనమా, ఆనాడు చదువు కవుల కావ్యములు, ఆ ఊరి పాతకవుల కావ్యములు ఉండవలెను. వైద్యుడు మధుమేహమును గూర్చి ప్రసంగించునా, ఆహార నియమములను తెలుగున తెలుపు పుస్తకములు నాలుగైనను ఉండవలెను. ఉపన్యాసము విన్న వేడిలో చేయి చాచినవానికి పుస్తకము దొరకవలెను. రేపు రమ్మనినచో ఆ వేడి చల్లారును.

ఆ బల్లకడనే సభ్యత్వపు దరఖాస్తు లుంచుడు. చందాదారుడుగా చేరుటకు కట్టవలసినది తిరిగి ఇవ్వదగిన స్వల్ప ధరావతు. పూరించుటకు ఒక కాగితము. ఈ రెండింటిని గురించి తెలియకనే అనేకులు పుస్తకములు ఇంటికిత్తురని యెరుగక, అక్కడనే కూర్చుండి చదువవలెననుకొని వెనుదిరుగుచున్నారు. వంట ముగించి, పిల్లలను పడుకొనబెట్టి, రాత్రి తొమ్మిది గంటలకు తీరిక చిక్కు గృహిణికి పఠనమందిరము పనికిరాదు, ఇంటికి తెచ్చుకొన్న పుస్తకమే పనికివచ్చును. పడవపై పుస్తక ముంచినవారు గ్రహించిన సూత్రము ఇదియే.

పిల్లల సంగతి వేరు. వారికి పోటీలకంటె కథలు ముఖ్యము. పోటీలో ముగ్గురు గెలుతురు, తక్కిన ముప్పదిమంది చిన్నబోయి ఇంటికి పోవుదురు. కథ విన్నప్పుడు అందరును గెలిచినవారే. ఆదివారము ఉదయము ఒక గంట ఎవరైన ఒక తాతగారో, అమ్మమ్మగారో, ఉపాధ్యాయురాలో వచ్చి పుస్తకమునుండి కథ చదివి వినిపించిన చాలును. సగము కథ చదివి, తక్కిన సగము ఈ పుస్తకములో నున్నదని చూపి లేచుట అనుభవజ్ఞులు చేయు చమత్కారము. వేసవి సెలవులలో గ్రంథాలయములు పిల్లలకు శిబిరములు నడపుచున్నవి. కథలు, చిత్రలేఖనము, ఆటలు, ఆంగ్లము, చేతిపనులు నేర్పుచున్నవి. ఎండన తిరుగు పిల్లలకు నీడపట్టున కాలక్షేపమగుటయేగాక, వడిగా చదువలేనివాడు బడి తెరచునాటికి వడి యలవరచుకొనును.

చదువు రానివారి మాట. గ్రంథాలయము చదువుకొన్నవారికే యను భావము మన పెద్దలకు లేదు. వారు పత్రిక చదివి వినిపించిరని మొదటనే చెప్పితిని. నేడును ఆ పని చేయవచ్చును. ప్రభుత్వ పథకముల దరఖాస్తులు, భూమి కాగితములు, బ్యాంకునుండి వచ్చిన ఉత్తరములు చదివి అర్థము చెప్పువారు లేక అనేకులు దళారులకు డబ్బిచ్చుచున్నారు. వారమున కొక సాయంకాలము గ్రంథాలయమున ఇద్దరు విద్యార్థులు కూర్చుండి ఈ సహాయము చేసినచో, అంతవరకు ఆ భవనము తనది కాదనుకొన్న మనిషి దానిని తనదిగా తలచును. అతని బిడ్డ సభ్యత్వపు కార్డు పుచ్చుకొనుటకు ఆలస్యము కాదు.

కార్యక్రమములను పఠనముతో ముడిపెట్టుట మనకు క్రొత్త కాదు, దేశమునకును క్రొత్త కాదు. యునెస్కో సహాయముతో 1951లో ఏర్పడిన ఢిల్లీ పౌర గ్రంథాలయము మొదటినుండియు చర్చాగోష్ఠులు, నాటక బృందములు, చలనచిత్ర ప్రదర్శనములు నడపినది. మన సీమలో వేటపాలెమున 1918లో వెలసిన సారస్వత నికేతనము పల్లెటూరి గ్రంథాలయమైనను, పాత పత్రికల సంచికలను భద్రపరచి పరిశోధకులకు కాణాచియైనది. 1929లో దాని భవనమునకు మహాత్మా గాంధీగారు శంకుస్థాపన చేసిరి. ఆ ఉత్సవము ఒక్కనాటిది. పాత పత్రికల కట్టలను చెదలబారినుండి కాపాడిన పని ఏటేట, దినదినము జరిగినది. నేడు మనము కొనియాడునది ఆ రెండవ పనిని.

కనుక వారోత్సవములను సంవత్సరపు ముగింపుగా గాక ప్రారంభముగా భావింతము. అవకాశములకు కొదవ లేదు. ఏప్రిల్ 23వ తేదీ ప్రపంచ పుస్తక దినము. తరువాత వేసవి శిబిరములు. ఆగస్టు 12వ తేదీ గ్రంథాలయ శాస్త్ర పితామహులు ఎస్. ఆర్. రంగనాథన్ గారి పేర గ్రంథాలయాధికారుల దినము. 1931లో వారు వెలువరించిన పంచసూత్రములలో మొదటి దాని సారము, పుస్తకము దాచుటకు గాదు, వాడుటకని. ఆగస్టు 29వ తేదీ గిడుగు వెంకట రామమూర్తిగారి జయంతి, తెలుగు భాషా దినోత్సవము. పిదప మరల నవంబరు. ఈ దినములను ఒక త్రాట గ్రుచ్చి, నడుమ నడుమ ఆదివారపు కథలు, నెలకొక పుస్తక సమీక్ష చేర్చినచో సంవత్సర మంతయు గ్రంథాలయము సందడిగా నుండును.

ఇదంతయు గ్రంథాలయాధికారి ఒక్కడే చేయవలెననుట న్యాయము కాదు. అనేక శాఖలలో తలుపు తెరచుట, పత్రికలు సర్దుట, పుస్తకము లిచ్చి పుచ్చుకొనుట, లెక్కలు వ్రాయుట ఒక్కరి మీదనే యున్నవి. ఉద్యోగి ఒక్కడైనపుడు పాఠకులు పదిమంది చేయి కలుపవలెను. మొదటి గ్రంథాలయములను నడపినవారు జీతగాండ్రు కారు, ఊరివారు.

ఈ ప్రసంగము వినుచున్న గృహస్థులకు నా విన్నపము మూడు మాటలు. వారోత్సవములకు ఒంటరిగా పోవలదు, ఇంటిలోని స్త్రీలను, పిల్లలను వెంట తీసికొనిపొండు. పని మనిషినైనను, పొరుగింటి పిల్లవానినైనను, ఇంతవరకు ఆ గడప తొక్కనివారిని ఒకరిని తోడు తీసికొనిపొండు. తిరిగి వచ్చునపుడు వట్టిచేతులతో రావలదు. సభ్యత్వము పుచ్చుకొని, ఒక పుస్తకము ఇంటికి తెండు. ఆ పుస్తకము తిరిగి ఇచ్చుటకైనను మరల పోవలసియే యుండును. రెండవసారి పోయినవాడు మూడవసారి దారి అడుగడు.

రేడియోలో మేము చెప్పు మాట గాలిలో కలసిపోవును. పదునైదు నిమిషములలో ఒక విషయముపై ఆసక్తి రేకెత్తింపగలము. ఆ ఆసక్తిని తీర్చుట మాకు సాధ్యము కాదు. ఆరోగ్యమును గూర్చిగాని, వ్యవసాయమును గూర్చిగాని, సంగీతమును గూర్చిగాని ఒక ప్రసంగము విని, ఇంకను తెలిసికొనవలెనని మీకు తోచినపుడు, ఆ మిగిలిన మాట గ్రంథాలయములో బీరువాలోపల మీ కొరకు వేచియున్నది.

20వ తేదీ సాయంకాలము బహుమతులు పంచిపెట్టుదురు, వందన సమర్పణ జరుగును. 21వ తేదీ ఉదయము గ్రంథాలయము యథావిధిగా తెరచియుండును. ఆనాడు ఉపన్యాసము లుండవు, పూలదండ లుండవు. పుస్తకములును, వాటిని చేతికందించు గ్రంథాలయాధికారియు ఉందురు. ఆనాడు మీరు రావలెను.